ఎండిందని నీళ్ళు పోశారో... అంతే!

కుండీలో మొక్క నల్లబడి వాలిపోయింది. మీరైతే ఏం చేస్తారు? అయ్యో పాపం అని చెంబెడు నీళ్ళు పోస్తారు. దుంప సన్‌డ్యూకి ఆ జాలే ముప్పు. పురుగుల్ని తినే ఈ మొక్కని గదిలో లైటు కింద పెంచాలని ముచ్చటపడేవాళ్ళు ముందుగా నేర్చుకోవాల్సిన విద్య... నీళ్ళు పోయకుండా ఉండటం!

వీటిలో చాలా రకాల పుట్టిల్లు ఆస్ట్రేలియా నైరుతి మూల, పెర్త్ నగరం ఉన్న వైపు. అక్కడ వానలన్నీ దాదాపు చలికాలంలోనే. మే నుంచి ఆగస్టు దాకా పడి, వేసవికి ముఖం చాటేస్తాయి. పైగా కార్చిచ్చులు. అందుకే ఈ మొక్క వానలకి లేచి, ఎండలు ముదిరేసరికి ఆకులన్నీ వదిలేసి నేల అడుగున బఠాణీ గింజంత దుంపగా దాక్కుంటుంది. ఏటా పాత దుంప కరిగిపోయి కొత్తది ఊరుతుంది. ఆ ఇసక నేలలో నైట్రోజన్ లాంటి పోషకాలు బొత్తిగా తక్కువ. ఆ లోటు తీర్చుకోవడానికే ఆకుల మీద మంచుబిందువుల్లా మెరిసే జిగురు. దోమో చిన్న ఈగో వాలిందా, అంటుకుపోతుంది. చుట్టూ ఉన్న నూగు వంగి అదిమి పడుతుంది. ఇక నెమ్మదిగా భోజనం!

ఎరిత్రోరైజా రకం ఎర్రబారే ఆకుల్ని నేలమీద పళ్ళెంలా పరుస్తుంది. కార్చిచ్చు రేగిన తర్వాత వచ్చే వానలకే బాగా పూస్తుంది కాబట్టి ఇళ్ళలో దాని పూలు చూడటం అరుదు. మాక్రాంతా అయితే పక్క పొదల్ని పట్టుకుని మీటరు ఎత్తు దాటి పాకుతుంది. మన తెలుగు నేలమీదా తడి గడ్డి జాగాల్లో సన్‌డ్యూలున్నాయి కానీ వాటికి దుంపలుండవు. దుంప రకం కావాలంటే నీలగిరుల్లాంటి కొండలెక్కాల్సిందే.

ఇంట్లో పెంచడమంటే పెర్త్ చలికాలాన్ని గదిలోకి తేవడమే. లోతైన కుండీలో మూడు పాళ్ళు కడిగిన సిలికా ఇసక, ఒక పాలు పీట్. ఎరువు ససేమిరా వద్దు. బోరు నీళ్ళూ వద్దు, అందులోని లవణాలు వేళ్ళని చంపేస్తాయి. వాన నీళ్ళో ఆర్వో నీళ్ళో కింద ట్రేలో పోయాలి. జానెడు ఎత్తున తెల్లటి ఎల్‌ఈడీ లైటు, రోజుకి పది పన్నెండు గంటలు. వెలుతురు చాలకపోతే కాడ సన్నగా సాగి, ఆకుల మీద జిగురు తగ్గుతుంది. గదిలో పురుగులు దొరకవు కాబట్టి చేపల మేతని పొడి చేసి ఆకుకి చిటికెడు పెడితే చాలు. ఎక్కువైతే బూజే!

అసలు చిక్కు వేడితోనే. పగలు 20 డిగ్రీల లోపు, రాత్రి 10 దరిదాపుల్లో ఉంటే దీనికి హాయి. మన ఊళ్ళలో అది ఏసీతో తప్ప కుదరదు. నిజం చెప్పాలంటే ఖరీదైన సరదా. విదేశాల నుంచి దుంపలు తెప్పించుకోవాలన్నా కవర్లో పెట్టి పోస్టు చేయించుకుంటే కుదరదు. మన దిగుమతి పర్మిట్టు, అక్కడి వాళ్ళ ఆరోగ్య ధ్రువపత్రం రెండూ ఉండాలి.

ఆకులు నల్లబడటం మొదలవగానే ట్రే తీసేయండి. మట్టి నెమ్మదిగా ఆరనివ్వండి. తడి మిగిలితే నిద్రలో ఉన్న దుంప కుళ్ళిపోతుంది. నెలల తరబడి ఉత్త ఇసక కుండీని చూస్తూ కూర్చోవాలి, అదే కష్టం. మళ్ళీ చల్లబడ్డాక మొలక ముక్కు కనిపిస్తేనే ట్రేలో నీళ్ళు. ఈ ఏడు రాలేదని కుండీ పారబోయకండి. కొన్ని దుంపలు ఒక ఏడాది ఎగ్గొట్టి మరుసటి ఏడు లేస్తాయి.