పరాయి దేశం చదువు: ఎక్కడ చదవాలో ఎట్లా ఎంచుకోవాలి?



డిగ్రీ చదివే సీనియర్ అక్క ఒకామె మన స్కూలుకు వచ్చి, డిగ్రీలో ఒక సెమిస్టర్ విదేశంలో చదువుకోవచ్చు అని చెప్పింది కదా. ఆ రాత్రి హాస్టల్లో అందరివీ అవే మాటలు. ఒకరు అమెరికా అన్నారు, ఒకరు లండన్ అన్నారు. ఎందుకు అని అడిగితే సినిమాలో బాగుంటుంది అన్నారు. ఇంకొకరు "మనకెందుకవి, పండుకోండి" అన్నారు. ఈ రెండు మాటలూ నాకు నచ్చలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

సెమిస్టర్ ఎక్స్చేంజ్ అంటే ఏమిటి?

సెమిస్టర్ అంటే చదువుల సంవత్సరంలో సగం. ఎక్స్చేంజ్ అంటే ఇచ్చిపుచ్చుకోవడం. మన ఊళ్ళల్లో ఈ రోజు మీ చేనుకు మేము వస్తే రేపు మా చేనుకు మీరు వస్తారు. ఇది కూడా అట్లాంటిదే. రెండు యూనివర్సిటీలు ఒప్పందం రాసుకుంటాయి. ఇక్కడి పిల్లలు అక్కడికి, అక్కడి పిల్లలు ఇక్కడికి వచ్చి చదువుతారు. మామూలుగా ఫీజు సొంత కాలేజీలోనే కడతారు. విమానం టికెట్టు, వీసా, తిండి, గది ఖర్చు మాత్రం వేరేగా ఉంటుంది. అక్కడ పాసైన పాఠాలను ఇక్కడి కాలేజీ తన లెక్కలో కలుపుకుంటుంది. హైదరాబాదులో గచ్చిబౌలి దగ్గర ఉన్న సెంట్రల్ యూనివర్సిటీకి కూడా ఇట్లా బయటి దేశాల పిల్లలు వచ్చి చదువుకుంటారు.

రూపాబాయి గారి కథ

ఎట్లా ఎంచుకోవాలో తెలియాలంటే రూపాబాయి ఫర్దూన్‌జీ గారి గురించి తెలుసుకోవాలి. ఆమె పార్సీ కుటుంబం ఆడబిడ్డ. ఆమెది ఎక్స్చేంజ్ కాదు, ఆ కాలంలో అట్లాంటివి లేవు. కానీ ఎంచుకున్న పద్ధతి మనకు పనికొస్తుంది.

విజ్ఞాన యాత్రకు వెళ్ళినప్పుడు మనం బస్సులోంచి ఉస్మానియా ఆసుపత్రి గుమ్మటాలు చూశాం. అది మూసీ నది ఒడ్డున అఫ్జల్‌గంజ్‌లో ఉంది. అక్కడినుంచి నయాపూల్ దాటితే హైకోర్టు, మదీనా, చార్మినార్ వస్తాయి. ఆ బిల్డింగు కట్టకముందు అక్కడ అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఉండేది. 1908 సెప్టెంబరులో మూసీకి పెద్ద వరద వచ్చి అది పాడైపోయింది. ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. రూపాబాయి గారు పనిచేసిన ఆసుపత్రుల్లో ఇది ఒకటి.

1885లో హైదరాబాద్ మెడికల్ స్కూల్లో ఐదుగురు ఆడవాళ్ళు చేరారు. వాళ్ళలో ఈమె ఒకరు. 1889లో చదువు పూర్తయింది. పెద్ద డాక్టరు ఎడ్వర్డ్ లారీ గారు. ఆపరేషన్ చేసేటప్పుడు నొప్పి తెలియకుండా క్లోరోఫారం అనే మందు వాసన చూపించేవారు. అది ఎక్కువైతే ప్రాణం పోతుంది. ఎందుకు పోతుందో తెలుసుకోవడానికి 1888లో, 1889లో హైదరాబాదులోనే పరిశోధనలు జరిగాయి. వాటిని హైదరాబాద్ క్లోరోఫారం కమిషన్లు అంటారు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ డబ్బు ఇచ్చారు. రూపాబాయి గారు ఆ పరిశోధనల్లో పాల్గొన్నారు. తర్వాత చాలా ఏళ్ళు మత్తు ఇచ్చే పని చేశారు. ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఆమె ఒకరు.

ఇరవై ఏళ్ళు పనిచేశాక 1909లో ఆమె స్కాట్లండులోని ఎడిన్‌బరోకు చదువుకోవడానికి వెళ్ళారు. అక్కడ మత్తు డాక్టర్ల కోసం వేరే కోర్సు లేదు. అందుకని ఆమె ఫిజిక్సు, కెమిస్ట్రీ తీసుకున్నారు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం వేసింది. అంత అనుభవం ఉన్న ఆమె మళ్ళీ ఫిజిక్సు క్లాసులో కూర్చోవడమేంటి? ఆలోచిస్తే అర్థమైంది. మన తొమ్మిదో తరగతిలో బాష్పీభవనం పాఠం ఉంది గదా. క్లోరోఫారం ద్రవం. అది ఆవిరై గాలిలో కలిసి ముక్కులోకి పోతుంది. వేడి ఎక్కువుంటే తొందరగా ఆవిరవుతుంది. మన ఎండాకాలంలో ఒక రకంగా, చలికాలంలో ఒక రకంగా ఉంటుంది. ఎంత ఆవిరి, ఎంత గాలి అనే దాని మీదే రోగి ప్రాణం ఉంటుంది. అంటే ఆమె చేతిలో ఉన్న పనికి ఏ పాఠం కావాలో ఆ పాఠమే తీసుకున్నారు.

ఇంకో సంగతి. రోగి ఊపిరిని గమనిస్తే చాలు, గుండెకు భయం లేదు అని లారీ గారు గట్టిగా చెప్పేవారు. కానీ 1911లో లెవీ అనే డాక్టరు, క్లోరోఫారం గుండెను కూడా ఉన్నట్టుండి ఆపగలదని ప్రయోగాలతో చూపించారు. గురువు చెప్పింది కూడా మళ్ళీ పరీక్షించాల్సి వస్తుంది. దానికే సైన్సు కావాలి.

ఎడిన్‌బరో పేరు గొప్పదే. క్లోరోఫారంతో మత్తు ఇవ్వచ్చని 1847లో సింప్సన్ గారు కనిపెట్టింది ఆ ఊళ్ళోనే. కానీ అదే ఊళ్ళో 1869లో ఏడుగురు ఆడవాళ్ళు డాక్టరు చదువుకు చేరితే వాళ్ళకు డిగ్రీ ఇవ్వలేదు. 1870లో పరీక్షకు పోతుంటే గుంపు అడ్డం నిలబడి బురద కొట్టింది. ఆడవాళ్ళు అక్కడ డిగ్రీ తీసుకోవడం 1890లలోనే మొదలైంది. మన హైదరాబాదులో 1885లోనే ఐదుగురు బెంచీ మీద కూర్చున్నారు. కాబట్టి ఊరు పెద్దది, పేరు పెద్దది అని అన్నీ మంచివే అనుకోవద్దు. ఆడపిల్లలను ఎట్లా చూస్తారో కూడా అడగాలి.

అడగాల్సిన ప్రశ్నలు

1. నాకు కావాల్సిన పాఠం అక్కడ ఉందా? కోర్సు పేరు చూస్తే సరిపోదు, సిలబస్ తెప్పించుకొని చదవాలి. రూపాబాయి గారికి కోర్సు పేరు దొరకలేదు, పాఠం దొరికింది.

2. ఆ పాసు మార్కులు ఇక్కడ చెల్లుతాయా? ఇది పోకముందే కాగితం మీద రాయించుకోవాలి. మా ఊరి అక్క ఒకామె దగ్గర టౌనులో నర్సు చదువని చెబితే చేరింది. వాళ్ళ నాయన రెండెడ్లలో ఒకటి అమ్మి ఫీజు కట్టిండు. రెండేళ్ళు అయినాక ఆ సర్టిఫికెట్ చెల్లదన్నారు. ఇప్పుడు ఆమె పత్తి ఏరడానికి పోతుంది. తెలివి లేక కాదు, మొదటి క్లాసు నుంచి మంచిగా చదివేది. ఈ ఒక్క ప్రశ్న అడగాలని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఇంట్లో కూడా అంతే, అమ్మానాయన బడికి పోలేదు. అందుకే మనకు మనమే అడగడం నేర్చుకోవాలి.

3. పాఠం ఏ భాషలో చెబుతారు? జర్మనీలో, ఫ్రాన్సులో అన్ని కోర్సులూ ఇంగ్లీషులో ఉండవు. భాష అంటే భయం వద్దు. మనం ఇంట్లో గోండి మాట్లాడి, బడిలో తెలుగు నేర్చి, ఇప్పుడు ఇంగ్లీషు చదువుతున్నాం. హైమన్‌డార్ఫ్ గారు ఆస్ట్రియా దేశంలోని వియన్నాలో పుట్టారు. 1940లలో మన ఆదిలాబాద్ గూడేలకు వచ్చి మార్లవాయిలో ఉన్నారు, గోండి నేర్చుకున్నారు. అంత దూరంనుంచి వచ్చిన ఆయన మన భాష నేర్చుకుంటే, మనం వాళ్ళ భాష ఎందుకు నేర్చుకోలేం?

4. డబ్బు ఎవరిస్తారు? సరోజినీ నాయుడు గారు 1895లో పదహారేళ్ళ వయసులో నిజాం స్కాలర్‌షిప్‌తో ఇంగ్లండు వెళ్ళి లండన్‌లో, కేంబ్రిడ్జిలో చదివారు. వాళ్ళ నాన్నగారు ఎడిన్‌బరోలో డాక్టరేట్ చేసినవారే. మనకు అట్లాంటి నాన్నలు లేరు గాని స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వ నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఏడాదికి 20 మంది గిరిజన విద్యార్థులకు ఇస్తారు. అందులో 3 కొలాం వంటి ఆదిమ తెగల వాళ్ళకు. ఇది పీజీ, పీహెచ్‌డీ వంటి పూర్తి చదువులకు, ఒక్క సెమిస్టరుకు కాదు. కాబట్టి ఎక్స్చేంజికి పోయేవాళ్ళు తమ కాలేజీనే అడగాలి, ఫీజు పోను మిగతా ఖర్చు లెక్క వేసుకోవాలి.

5. అక్కడ మనకు ఎవరు తోడు? ఉండే గది, జ్వరం వస్తే ఆసుపత్రి, చలికి బట్టలు, తినగలిగే తిండి. ఇవి చిన్నవి కావు. హాస్టల్లో కొత్తగా చేరిన చెల్లెళ్ళు మొదటి వారం ఎందుకు ఏడుస్తారో మనకు తెలుసు.

6. వచ్చాక ఆ చదువుతో ఏం చేస్తాను? రూపాబాయి గారు తిరిగి వచ్చి హైదరాబాదులోనే పనిచేశారు. 1920లో చాదర్‌ఘాట్ ఆసుపత్రి సూపరింటెండెంట్‌గా రిటైర్ అయ్యారు.

ఇప్పుడే ఎందుకు?

మనం ఇంకా తొమ్మిదే కదా అనుకోవచ్చు. కానీ వచ్చే ఏడాది పది. ఆ తర్వాత ఎంపీసీనా, బైపీసీనా, పాలిటెక్నికా, నర్సింగా అని అడుగుతారు. అప్పుడు పక్కమంచం అక్క ఏది తీసుకుంటే అది తీసుకోవద్దు. ఈ ఆరు ప్రశ్నలే అక్కడా అడగాలి. పాఠం, సర్టిఫికెట్, భాష, డబ్బు, తోడు, పని.

వార్డెన్ మేడమ్ గారికి ఒక మనవి. పదో తరగతి అక్కలు ఏ కాలేజీకి అప్లికేషన్ పెట్టినా, ఆ కాలేజీకి గుర్తింపు ఉందో లేదో ఆఫీసు ఫోనునుంచి కనుక్కొని నోటీసు బోర్డు మీద పెట్టించగలరు. మా ఇళ్ళల్లో ఫోను చేసి అడిగేవాళ్ళు లేరు, మీరే అడగాలి.

– తొమ్మిదవ తరగతి విద్యార్థిని