హోంగ్‌త్సున్ గ్రామము - దాని కాలువ

చీనా దేశమున ఆన్హుయ్ రాష్ట్రపు దక్షిణభాగమందు హోంగ్‌త్సున్ అను గ్రామము కలదు. వాంగ్ వంశీయులు దీనిని 1131లో నెలకొల్పిరని చెప్పుదురు. ఊరు పడుకొనిన ఎద్దును పోలునని అచటివారి మాట: కొండ తల, ఇండ్లు దేహము, కాలువ ప్రేవులు, నడిమి చెరువు కడుపు. పోలిక వినోదమే గాని, అసలు విశేషము కాలువయందున్నది.

ఏటినుండి మళ్ళించిన నీరు రాతికాలువలో ఇండ్ల వాకిళ్ళ ప్రక్కగా పారి, అర్ధచంద్రాకారపు చెరువును నింపి, 1607లో త్రవ్విన దక్షిణ సరస్సును చేరి, పిదప పొలములకు పోవును. ఆ చెరువు 15వ శతాబ్దారంభము నాటిది. భర్త ఉద్యోగార్థము దూరమున నుండగా, వంశపెద్ద భార్యయే ఆ పనిని నడపెనని ఐతిహ్యము. ఎగువవాని మురికి దిగువవాని కుండలో పడును గదా! కావున ఉదయము త్రాగునీరు ముంచుకొను వేళ దాటువరకు ఎవరును బట్టలుతుకరాదని కట్టుబాటు చేసికొనిరి.

ఇచటి పురుషులు పెక్కురు వర్తకమునకై దూరనగరములకు వలసపోయిరి. పరస్థలముల స్థిరపడిన మనకిది క్రొత్త కాదు. వారి ధనము మాత్రము ఊరికి వచ్చినది. 1855 ప్రాంతమున ఒక ఉప్పువర్తకుడు కట్టించిన భవనపు కొయ్యచెక్కడములే సాక్ష్యము. 2000లో యునెస్కో ఈ గ్రామమును, పొరుగున నున్న షీదీని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఇప్పుడు ఊరు చూడవచ్చువారు టిక్కెట్టు కొనవలెను. కాలువ నేటికిని పారుచున్నది.