పాత కంప్యూటరునకు క్రొత్త సాఫ్ట్‌వేరు ఏల దొరకదు?

“మా యింటి కంప్యూటరు చక్కగా వెలుగుచున్నది. అయినను పిల్లవాని పాఠమునకు వలయు ప్రోగ్రాము దానిలో ఎక్కదు. యంత్రము చెడినదా?” అని తల్లిదండ్రులు పలువు రడుగుచుందురు. యంత్రము చెడలేదు. దానికొఱకు ప్రోగ్రాములు వ్రాయువారు తగ్గిపోయిరి.

కోలారు బంగారు గనులవారికి ఇది వింత గాదు. 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడెను. ఇండ్లు, వీథులు నిలిచియే యుండెను. పని మాత్రము పోయెను. వేకువ రైలెక్కి బెంగుళూరు పోవుట పలువురకు నిత్యకృత్యమయ్యెను. కంప్యూటరునందును అంతే.

ప్రతి ప్రోగ్రాము విండోస్ వంటి మూల వ్యవస్థపై ఆధారపడి నడచును. తయారుచేయువారు ఒక్కొక్క వ్యవస్థపై దానిని వేఱువేఱుగ పరీక్షింపవలెను. వాడుకరులు పలుచబడినచో ఆ శ్రమకు తగిన ప్రతిఫలము రాదు, వారు విడుతురు. వారు విడువగా మిగిలిన వాడుకరులును విడుతురు. విండోస్ 7నకు మైక్రోసాఫ్టువారు 2020 జనవరి 14తో సామాన్యులకు భద్రతా సవరణలు నిలిపిరి. 2023లో క్రోమ్ బ్రౌజరు దానిని విడిచెను. విండోస్ 10నకు ఆ గడువు 2025 అక్టోబరు 14న తీఱెను. విండోస్ 11 కోరు భద్రతా సాధనము పాత యంత్రములు పెక్కింట లేదు.

తెలుగువారికి ఇందు వేఱొక చిక్కు గలదు. శుభలేఖలు, ప్రశ్నపత్రములు, సంచికలు పెక్కు విండోస్ ఎక్స్‌పీ నాటి యంత్రములలో పేజ్‌మేకరునందు అను ఫాంట్లతో కూర్పబడినవి. 2001లో వెలువడిన 7వ కూర్పే పేజ్‌మేకరునకు కడపటిది. పిదప అడోబీవారు ఇన్‌డిజైన్ వైపు మఱలిరి. అను ఫాంటులో మనకు కనబడునది తెలుగు. ఫైలులో నున్నవి మాత్రము ఇంగ్లీషు అక్షరముల సంకేతములు. ఆ ఫాంటు లేని యంత్రమున తెఱచినచో అర్థములేని ఇంగ్లీషు అక్షరములు, గుర్తులు వరుసగా కనబడును. యూనికోడులో నట్లు గాదు. 1991 నాటి తొలి కూర్పునుండియు తెలుగు అక్షరములకు అందు సొంత సంఖ్యలు గలవు. ఏ ఫోనునందైనను చదువవచ్చును.

పాత ఫైళ్లను యూనికోడులోనికి మార్చు ప్రోగ్రాములు గలవు గాని, వానిని పూర్తిగా నమ్మరాదు. ఒత్తులు, గుణింతములు అచ్చటచ్చట తాఱుమాఱగును. తెలుగు చక్కగా చదువగలవారు అచ్చుప్రతిని ప్రక్కన నుంచుకొని సరిచూడవలెను. మన పిల్లలు ఇంట తెలుగు మాటలాడుదురు. బడిలో వ్రాయునది ఎక్కువగా కన్నడము, ఇంగ్లీషు. కావున ఈ పని పెద్దలకే చెందును. పాత యంత్రమును, చదువగల పెద్దలును ఉన్న యీ కొలది యేండ్లలోనే అది జరుగవలెను.

ఇంటిలో అట్టి యంత్రమున్నచో పాతసామానుల వానికి అమ్మకముందు అందలి ఫైళ్లు వేఱొక డిస్కునకు ఎక్కింపుడు, ఫాంట్లను మఱువవలదు. భద్రతా సవరణలు లేని యంత్రమును ఇంటర్నెట్టునకు కలుపకుండుట మేలు. 64 బిట్ల యంత్రమైనచో లినక్సును స్థాపించి, లిబ్రెఆఫీసును నేటి బ్రౌజరును ఉచితముగ వాడవచ్చును. అను కీబోర్డునకు అలవడిన వ్రేళ్లు మాత్రము ఇన్‌స్క్రిప్టు పద్ధతికి లొంగుటకు కొన్ని వారములు పట్టును, నాకును పట్టెను.