గేజ్ తప్పితే... పైసలు గల్లంతే!

దుబాయ్ నుంచి డ్రాఫ్టు వచ్చే రోజులు పోయాయి. సెల్‌ఫోన్‌లో నాలుగు నొక్కులు నొక్కితే దేశాలు దాటే క్రిప్టో నాణేలు వచ్చాయి. అడ్రసు సరిగ్గానే ఉన్నా, ‘నెట్‌వర్క్’ ఒక్కటి తప్పుగా ఎంచుకుంటే ఆ సొమ్ము కళ్లముందే కనిపిస్తుంది... చేతికి మాత్రం రాదు!

మాక్లూర్, ఆర్మూర్, బోధన్... నిజామాబాద్ జిల్లాలో ఏ పల్లెకు వెళ్లినా గల్ఫ్ ముచ్చట్లు వినిపిస్తాయి. కొడుకో, అల్లుడో ఎడారి ఎండల్లో కష్టపడుతుంటే ఇక్కడ ఇంటిల్లిపాదీ నెలాఖరు కోసం ఎదురుచూస్తుంటారు. ఒకప్పుడు ఆ కష్టార్జితం రిజిస్టర్డ్ పోస్టులో బ్యాంకు డ్రాఫ్టుగా వచ్చేది. ఆలస్యమైతే పోస్ట్‌మ్యాన్‌ను అడిగేవారు. తర్వాత మనీ ట్రాన్స్‌ఫర్ కౌంటర్లు వచ్చాయి. తేడా వస్తే రసీదు పట్టుకుని వెళ్లి అడగడానికి అక్కడ ఒక మనిషి ఉండేవాడు. క్రిప్టోలో చిక్కంతా అక్కడే. అడగడానికి మనిషి ఉండడు!

ఒక సంఘటన ఊహించుకుందాం. మస్కట్‌లో ఉన్న అన్న, మాక్లూర్‌లో డిగ్రీ పూర్తిచేసిన తమ్ముడి ఎక్స్ఛేంజి ఖాతాకు వెయ్యి ‘టెథర్’ నాణేలు పంపాడు. ఒక్కో టెథర్ విలువ దాదాపు ఒక డాలరు. అంటే కొన్ని నెలల కూడబెట్టు.

‘‘అన్నా, ఇంకా రాలేదే?’’

‘‘నా దిక్కు పోయినట్టే చూపెడ్తుంది తమ్మీ!’’

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. సొమ్ము బయల్దేరింది. రాసిన అడ్రసుకే చేరింది కూడా. అయినా తమ్ముడి ఖాతాలో సున్నా. మరి మాయ ఎక్కడ జరిగింది?

మీటర్ గేజ్ నాటి పాఠం

ఇది అర్థం కావాలంటే నిజామాబాద్ పెద్దలకు బాగా గుర్తున్న మీటర్ గేజ్ రైలును తలుచుకోవాలి. సికింద్రాబాద్ నుంచి నిజామాబాద్ మీదుగా మన్మాడ్ వైపు వెళ్లే లైను దశాబ్దాలపాటు మీటర్ గేజే. పట్టాల మధ్య దూరం ఒక్క మీటరు. సికింద్రాబాద్ నుంచి వాడి వైపు వెళ్లేది మాత్రం బ్రాడ్ గేజ్. ఒకే స్టేషన్, రెండు రకాల పట్టాలు. ఇక్కడి వ్యాగన్ అక్కడి పట్టాలెక్కదు. సరుకును ఒక వ్యాగన్‌లోంచి దించి మరో వ్యాగన్‌లోకి ఎక్కించాల్సిందే. 2000 దశకంలో ఈ లైను బ్రాడ్ గేజ్‌గా మారాకే ఆ తిప్పలు తప్పాయి.

క్రిప్టో ప్రపంచం ఇంకా ఆ పాత సికింద్రాబాద్ స్టేషన్‌లాగే ఉంది. బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ అంటే పట్టాలు. టెథర్ అంటే సరుకు. అదే టెథర్ ఇథీరియం పట్టాల మీద నడిస్తే ఈఆర్‌సీ-20 అంటారు. ట్రాన్ మీదైతే టీఆర్‌సీ-20. బీఎన్‌బీ చెయిన్ మీదైతే బీఈపీ-20. పేరు ఒక్కటే, విలువా ఒక్కటే... గేజ్‌లు మాత్రం వేరు!

ట్రాన్ అడ్రసు ఇంగ్లిష్ ‘టీ’ అక్షరంతో మొదలవుతుంది. ఇథీరియం అడ్రసు ‘సున్నా ఎక్స్’తో మొదలవుతుంది. అందుకే ఒకదాని బదులు మరొకటి కొడితే చాలావరకు యాప్ ఒప్పుకోదు. అసలు ప్రమాదం కవలపిల్లల్లాంటి నెట్‌వర్కులతోనే. ఇథీరియం, బీఎన్‌బీ చెయిన్, పాలిగాన్, ఆర్బిట్రమ్... అన్నింటి అడ్రసులూ ‘సున్నా ఎక్స్’తోనే మొదలవుతాయి. తమ్ముడు ఇథీరియం అడ్రసు ఇచ్చాడు. అన్న ఫీజు తక్కువని వేరే నెట్‌వర్క్ నొక్కాడు. అడ్రసు సరిపోయింది కాబట్టి యాప్ అడ్డు చెప్పలేదు. తమ్ముడి ఎక్స్ఛేంజి ఆ పట్టాల వైపు చూడనే చూడదు. సరుకు దిగింది గానీ, దింపుకొనే కూలీ లేడు!

పండితులే పప్పులో కాలేస్తే...

ఇది తెలియనివాళ్లు చేసే తప్పే అనుకుంటే పొరపాటు. 2022లో ‘ఆప్టిమిజం’ అనే నెట్‌వర్క్ సంస్థ, ‘వింటర్‌మ్యూట్’ అనే పెద్ద ట్రేడింగ్ కంపెనీకి 2 కోట్ల నాణేలు పంపింది. ఆ కంపెనీ ఇచ్చిన అడ్రసు ఇథీరియం మీద తనదే. కానీ ఆప్టిమిజం పట్టాల మీద ఆ అడ్రసును అది ఇంకా ఏర్పాటు చేసుకోలేదు. ఈ సందు కనిపెట్టిన ఓ అజ్ఞాత వ్యక్తి ముందుగా వెళ్లి అక్కడ పాగా వేసి, నాణేలన్నీ చేజిక్కించుకున్నాడు. అదృష్టం బాగుండి 1.7 కోట్ల నాణేలు తిరిగి ఇచ్చేశాడు. రోజూ ఇదే పని చేసేవాళ్లకే ఇలా జరిగితే, రాత్రి డ్యూటీ దిగి నిద్రకళ్లతో ఫోన్ పట్టుకున్న కూలీ సంగతేమిటి?

మార్చాలంటే మార్గమేది?

మరి ఇథీరియం మీదున్న టెథర్‌ను ట్రాన్ మీదకు మార్చుకోవాలంటే? రెండు దారులున్నాయి. మొదటిది ‘బ్రిడ్జి’. ఒక నెట్‌వర్క్‌లో నాణేన్ని తాళం వేసి, మరో నెట్‌వర్క్‌లో దానికి సమానమైనది ఇచ్చే ఏర్పాటిది. దొంగల కన్ను ఎక్కువగా పడిందీ దీనిమీదే. 2022లో ఒక్క రోనిన్ బ్రిడ్జి నుంచే 60 కోట్ల డాలర్లకు పైగా కొల్లగొట్టారు. అదే ఏడాది వార్మ్‌హోల్ నుంచి 30 కోట్ల డాలర్లకు పైగా పోయాయి.

రెండోది, మామూలు జనానికి తేలికైనది... ఎక్స్ఛేంజి దారి. రెండు నెట్‌వర్కులనూ అంగీకరించే ఎక్స్ఛేంజిలో ఒక నెట్‌వర్క్ మీద జమచేసి, రెండోదాని మీద బయటికి తీసుకోవడమే. పాత సికింద్రాబాద్ యార్డులో సరుకు వ్యాగన్ మార్చినట్టన్నమాట. అయితే డిపాజిట్ ఒక నెట్‌వర్క్‌లో తీసుకున్నంత మాత్రాన విత్‌డ్రాయల్ కూడా అందులో ఉంటుందని అనుకోకూడదు. పంపేముందే రెండూ చూసుకోవాలి.

ఎక్స్ఛేంజీ కోట కాదు. 2024 జులై 18న వజీర్‌ఎక్స్ మీద సైబర్ దాడి జరిగి సుమారు 23 కోట్ల డాలర్ల సొత్తు పోయింది. విత్‌డ్రాయల్స్ ఆగిపోయి ఖాతాదారులు నెలల తరబడి పడిగాపులు కాశారు. పని అయ్యాక సొమ్మును అక్కడే వదిలేయకపోవడం మంచిదని ఆ ఉదంతం నేర్పింది.

ఇవి మరవద్దు

* అడ్రసుతోపాటు నెట్‌వర్క్ పేరు కూడా పుచ్చుకునేవాళ్లే చెప్పాలి. ‘ఏదైనా పర్లేదు’ అనే మాట రాకూడదు.

* ముందు నెట్‌వర్క్ ఎంచుకుని, ఆ తర్వాతే అడ్రసు కాపీ చేయాలి. నెట్‌వర్క్ మారిస్తే అడ్రసు మళ్లీ కొత్తగా తీసుకోవాలి.

* తొలిసారి చిన్న మొత్తమే పంపాలి. అయితే ఎక్స్ఛేంజి పెట్టిన కనీస డిపాజిట్‌కు అది తగ్గకూడదు. అది ఖాతాలో పడ్డాకే మిగతాది. రెండుసార్లు ఫీజు పడుతుందని బాధపడొద్దు.

* పాత లావాదేవీల జాబితాలోంచి అడ్రసు కాపీ చేయొద్దు. మొదలూ చివరా ఒకేలా ఉండే దొంగ అడ్రసులను మోసగాళ్లు అందులో జొప్పిస్తారు. 2024 మేలో ఒకరు ఇలాగే 6.8 కోట్ల డాలర్ల విలువైన నాణేలు దొంగ అడ్రసుకు పంపేశారు. తర్వాత అవి చాలావరకు తిరిగొచ్చాయి.

* ఎక్స్‌ఆర్‌పీ లాంటి నాణేలకు అడ్రసుతోపాటు ‘ట్యాగ్’ నంబరు కూడా ఉంటుంది. అది లేకపోతే సొమ్ము ఎవరి ఖాతాదో ఎక్స్ఛేంజికి తెలియదు.

* సొంత వ్యాలెట్ నుంచి పంపేటప్పుడు ఫీజు ఆ నెట్‌వర్క్ నాణెంలోనే కట్టాలి. ఇథీరియానికి ఈథర్, ట్రాన్‌కు టీఆర్‌ఎక్స్. టెథర్ ఎంత ఉన్నా, అది లేకపోతే బండి కదలదు.

తప్పు జరిగిపోతే?

ముందు కంగారు పడొద్దు. లావాదేవీ నంబరు జాగ్రత్త చేసుకోవాలి. దాన్ని ఆ నెట్‌వర్క్ ఎక్స్‌ప్లోరర్‌లో కొడితే సొమ్ము ఎక్కడుందో కనిపిస్తుంది. కవల నెట్‌వర్కుల మధ్య పొరపాటై, చేరింది సొంత వ్యాలెట్‌కే అయితే భయం లేదు. వ్యాలెట్‌లో ఆ నెట్‌వర్క్‌ను జోడిస్తే సొమ్ము కనిపిస్తుంది. చేరింది ఎక్స్ఛేంజి అడ్రసుకైతే తాళం వాళ్ల దగ్గరే ఉంటుంది. అధికారిక యాప్‌లోంచే ఫిర్యాదు చేయాలి. కొన్ని సంస్థలు ఫీజు తీసుకుని రాబడతాయి. కొన్ని చేతులెత్తేస్తాయి. ‘మీ సొమ్ము తిరిగి ఇప్పిస్తాం, రహస్య పదాలు చెప్పండి’ అంటూ ఫోన్ చేసేవాళ్లు మాత్రం పచ్చి మోసగాళ్లు. ఆ పన్నెండో, ఇరవైనాలుగో పదాలు ఎవరికీ చెప్పకూడదు. మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి.

ఇంకో మాట. మన దేశంలో క్రిప్టో చెలామణీ డబ్బు కాదు. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను ఉంది. అదే ఏడాది జులై నుంచి అమ్మకంపై 1 శాతం టీడీఎస్ మొదలైంది. నాణేలను ముక్కూ మొహం తెలియనివాళ్లకు అమ్మితే, వాళ్లు వేసిన డబ్బు ఏదో మోసం కేసులోదై బ్యాంకు ఖాతా స్తంభించిపోయే ముప్పూ ఉంది. ఇంటికి పంపే జీతానికి ఇప్పటికీ బ్యాంకు, అనుమతి ఉన్న మనీ ట్రాన్స్‌ఫర్ సంస్థలే రాజమార్గం.

ఇక మన అన్నదమ్ముల దగ్గరికొస్తే... వెయ్యి టెథర్లకు ముందు ఓ పది టెథర్లు పంపి, ‘‘పడ్డయా తమ్మీ?’’ అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. గేజ్ మారినచోట దిగి చూసుకోవాలని ఆనాటి మీటర్ గేజ్ ప్రయాణికులకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది!