పిల్లికి బజారు తిండి

తెనాలి రామలింగడి పిల్లి పాలను చూసి పారిపోయింది, పాపం, నోరు కాలి! మామూలు పిల్లి తాగేస్తుంది. కాని ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పెరుగన్నమూ చాలదు. మాంసంలో, చేపలో వుండే టారిన్ అనే పదార్థాన్ని పిల్లి తన ఒంట్లో తగినంత తయారు చేసుకోలేదు. అది కొరవడితే చూపు పోతుంది, గుండె పాడవుతుంది. మన శాకాహార నియమం మన విస్తరికే గాని దాని గిన్నెకు చెల్లదు.

బజారులో కొన్నది పెడితే దిగులుండదా? 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో పాల్ పియాన్ అనే పశువైద్యుడూ, ఆయన సహచరులూ గుండెజబ్బు పిల్లుల నెత్తురులో టారిన్ తక్కువగా వున్నదని కనిపెట్టారు. అవి తిన్నది కంపెనీ తిండే! టారిన్ ఇవ్వగా చాలావాటి గుండెలు కోలుకున్నాయి. ఆ తర్వాతనే కంపెనీలు దాని పాలు పెంచాయి.

అందుచేత పొట్లం మీది బొమ్మను చూసి మురిసిపోక, వెనుక చిన్న అక్షరాలు చదవండి. ‘కంప్లీట్’ అనీ, కూనకో ఎదిగినదానికో అనీ వుండాలి. ‘కాంప్లిమెంటరీ’ అంటే చిరుతిండి మాత్రమే. చవక గదా అని కుక్కతిండి పెట్టకండి. ఎండుగుళికలలో నీరు నూటికి పదిపాళ్ళ లోపే. పక్కన నీళ్ళగిన్నె తప్పనిసరి. కొత్త తిండిని వారంరోజులపాటు పాతదానిలో కలుపుతూ అలవాటు చేయండి. రోజల్లా ఏమీ ముట్టకపోతే మాత్రం, అలిగిందిలే అనుకోక, పశువైద్యునికి చూపించండి.