గోండు పంతుళ్ళను కన్న గూడెం

నిజాం సర్కారుపై తిరగబడ్డ గోండు వీరుడు కొమురం భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. మూడేళ్ళు తిరిగేసరికి, ఆ కొండల్లోనే ఉన్న మార్లవాయి గూడెంలో ఒక బడి మొదలైంది. గోండు పంతుళ్ళను తయారుచేసే బడి అది. భీం పోరాటం గురించి మనం చాలా రాశాం, పాడాం. ఆ పోరాటం సర్కారు మెడలు వంచి తెప్పించిన ఈ చదువు గురించి మాత్రం తక్కువే చెప్పుకున్నాం.

భీం ఎందుకు తిరగబడ్డాడో తేల్చమని నిజాం ప్రభుత్వం పంపిన మనిషి క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచయుద్ధం మొదలవగానే బ్రిటిష్ ఇండియా దృష్టిలో శత్రుదేశస్థుడయ్యాడు. హైదరాబాద్ సంస్థానం దాటకూడదన్నారు. ఆ కట్టడే ఆదిలాబాద్ అడవులకు కలిసొచ్చింది. భార్య బెట్టీ ఎలిజబెత్‌తో మార్లవాయిలో గుడిసె వేసుకున్నాడు. గోండీ నేర్చుకున్నాడు. రోగం ఎక్కడుందో తొందరగానే పట్టుకున్నాడు. జంగ్లాత్ (అటవీశాఖ) వాళ్ళు పోడు నరకనివ్వడం లేదు. పైనుంచి వచ్చినవాళ్ళ పేర్ల మీద పట్టాలవుతున్నాయి. కచేరీ కాగితాలన్నీ ఉర్దూలో. చదవగలిగిన గోండు ఊరికొకడు కాదు కదా, తాలూకాకొకడు దొరకడం కష్టం. వేలిముద్ర వేసి భూమి పోగొట్టుకున్నవాడికి, ఆ కాగితంలో ఏముందో చెప్పే తనవాడు లేడు.

బయటి పంతుళ్ళు అడవి గూడేల్లో నిలవరు. నిలిచినా పిల్లల మాట వాళ్ళకు రాదు. అందుకే గోండు యువకులనే పంతుళ్ళను చేయాలనుకున్నారు. చుట్టుపక్కల మరాఠీ వ్యవహారం ఎక్కువ కాబట్టి దేవనాగరి అక్షరాలతో గోండీ వాచకాలు తయారుచేశారు. మొదటి అక్షరం తల్లి మాటలో, ఆ తర్వాతే సర్కారు భాష. నిజాం సర్వీసులో అక్కడ పనిచేసిన సేతుమాధవరావ్ పగడి అయితే గోండీ నేర్చుకుని ఆ భాషకు వ్యాకరణమే రాశారు. మార్లవాయిలో చదివినవాళ్ళు పంతుళ్ళయ్యారు, కొందరు పట్వారీలయ్యారు, జంగ్లాత్ గార్డులయ్యారు. 1940లలో వేల గోండు కుటుంబాల చేతికి పట్టాలు అందాయి. ఆ పట్టాలను చదివి చెప్పే మనుషులు అదే కాలంలో గూడేల నుంచే పుట్టుకురావడం చిన్న విషయం కాదు.

ఇలా ఒక వర్గానికే వేరు బడి అన్నమాట వినగానే అమెరికా నల్లజాతివారి బడులు గుర్తొస్తాయి. 1912 నుంచి 1932 వరకు, నల్లజాతి విద్యావేత్త బుకర్ టి. వాషింగ్టన్ ప్రోద్బలంతో వ్యాపారి జూలియస్ రోజెన్‌వాల్డ్ కొంత డబ్బిస్తే, మిగతాది ఊళ్ళవాళ్ళు చందాలేసుకుని, చెమటోడ్చి దక్షిణ రాష్ట్రాల్లో దాదాపు 5,000 బడులు కట్టుకున్నారు. 1954లో అక్కడి సుప్రీంకోర్టు బడుల్లో జాతి వేర్పాటు చెల్లదంది. న్యాయమైన తీర్పు. అయితే తర్వాతి విలీనంలో నల్లజాతి పంతుళ్ళు వేలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్నారు, బడులు మూతపడ్డాయి. మిగిలిన కొన్నింటిని పూర్వవిద్యార్థులు పట్టుబట్టి నిలబెట్టి ఊరి సమావేశ మందిరాలుగా మార్చుకున్నారు. హైదరాబాద్‌లో దళిత నాయకుడు భాగ్యరెడ్డివర్మ నడిపిన ఆది హిందూ బడులూ వెలి నుంచి పుట్టినవే. వాటినీ చివరకు ప్రభుత్వమే తీసుకుంది.

మార్లవాయి బడి వెలివేత కోసం కట్టింది కాదు. అయినా దానికీ విలీనమే ఎదురైంది. సంస్థానం పోయింది, 1956లో భాషారాష్ట్రం వచ్చింది, గోండు విద్యా పథకం మామూలు విద్యాశాఖలో కలిసిపోయింది. బడులు పెరిగాయి, ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, మంచిదే. కానీ పాఠం తెలుగుకు మారింది. గోండీ బడి గడప బయటే ఉండిపోయింది. ఇది నా దృష్టిలో మన భాషారాష్ట్రం చేసిన అన్యాయం. మాతృభాషలో చదువు కావాలని పోట్లాడినవాళ్ళం, పక్కింటి పిల్లాడికీ ఓ మాతృభాష ఉందని మరిచాం.

1987లో బెట్టీ కన్నుమూస్తే ఆమెకు మార్లవాయిలోనే సమాధి కట్టారు. 1995లో లండన్‌లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలు 2012లో ఆమె పక్కకు చేరాయి. ఏటా జనవరి 11న గోండులు, ప్రధాన్లు, కొలాములు అక్కడ చేరతారు. ఒకప్పటి శిక్షణ కేంద్రం ఊరు ఇప్పుడు ఆ జాతులన్నీ కలిసే చోటు.

కూడినచోట దండలతో సరిపెట్టకూడదు. నార్నూర్ మండలం గుంజాలలో గోండీ లిపి రాతప్రతులు బయటపడ్డాయి, ఆ లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. 2011 జనగణన ప్రకారం గోండీ మాట్లాడేవాళ్ళు దేశంలో దాదాపు 30 లక్షలు. లిపి ఉంది, మనుషులున్నారు, బడి నడిపిన అనుభవమూ ఉంది. ఉట్నూరు ఐటీడీఏ, విద్యాశాఖ కలిసి మార్లవాయిలో గోండీ పంతుళ్ళ శిక్షణను తిరిగి మొదలుపెట్టాలి. 1943లో, యుద్ధకాలంలో, ఓ సంస్థానం చేయగలిగిన పని అది.