వార్తల్లో పదం: ట్రాన్స్ ఫ్యాట్

ఆహార భద్రత వార్తల్లో తరచూ కనిపిస్తున్న ట్రాన్స్ ఫ్యాట్ ఒక రకం అసంతృప్త కొవ్వు ఆమ్లం. మామూలు వంటనూనెల్లో అసంతృప్త ఆమ్లాల కార్బన్ గొలుసు ద్విబంధం దగ్గర వంగి ఉంటుంది. ఆ వంపుల వల్ల అణువులు దగ్గరగా చేరలేవు, నూనె ద్రవంగానే ఉంటుంది. ట్రాన్స్ రకంలో గొలుసు దాదాపు తిన్నగా ఉంటుంది. కట్టెలు పేర్చినట్టు అణువులు సర్దుకుని, కొవ్వు గట్టిపడుతుంది.

నికెల్ ఉత్ప్రేరకంతో నూనెలోకి హైడ్రోజన్ పంపి, చర్యను సగంలో ఆపితే ట్రాన్స్ ఫ్యాట్ పుడుతుంది. పాతకాలపు వనస్పతి తయారైంది ఇలాగే. త్వరగా పాడవదు, కర్రీపఫ్ పొరలు పెళుసుగా వస్తాయి, అందుకే బేకరీలు దాన్ని ఇష్టపడ్డాయి. పాలు, నెయ్యి, మాంసంలోనూ ట్రాన్స్ కొవ్వు సహజంగా కొద్దిగా ఉంటుంది.

అసలు చిక్కు రక్తంలో. ట్రాన్స్ ఫ్యాట్ చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతుంది, మంచిదాన్ని తగ్గిస్తుంది, గుండెజబ్బు ముప్పు పెరుగుతుంది. రోజుకు 2,000 కేలరీలు తినేవారికి ఇది 2.2 గ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. మన దేశంలో 2022 జనవరి నుంచి నూనెలు, కొవ్వుల్లో పారిశ్రామిక ట్రాన్స్ ఫ్యాట్ పరిమితి 2 శాతం.

ప్యాకెట్ కొనేటప్పుడు పోషకాల పట్టికతో పాటు పదార్థాల జాబితా కూడా చదవాలి. అందులో ‘పార్షియల్లీ హైడ్రోజనేటెడ్’ అని ఉంటే ఈ కొవ్వు ఉన్నట్టే. విడిగా అమ్మే పఫ్‌లకు లేబుల్ ఉండదు కాబట్టి, ఏ కొవ్వు వాడారో దుకాణంలోనే అడగాలి.